సముద్రకథలకు ఉత్తరపీఠికలు

కథ ముగిసినదని కవి గంటము క్రింద బెట్టినను చదువరి మనస్సు అక్కడ నిలువదు. తరువాత నేమయ్యెనని యడుగుచునే యుండును. రామాయణమునకు ఉత్తరకాండము, భారతమునకు హరివంశము ఈ యడుగుటనుండియే పుట్టినవని పండితులలో ననేకుల యభిప్రాయము. ఈ గుణము సముద్రయాత్రల కథలకు మఱింత హెచ్చు. నేలమీది కథ నాయకు డిల్లు చేరినతోడనే తీఱిపోవును. ఓడకథలోనో, ఇల్లు చేరినవారు కొందఱు, చేరనివారు పలువురు. చేరినవాడే కథ చెప్పును గనుక చేరనివారి లెక్క ఎప్పుడును బాకీ పడియే యుండును. ఆ బాకీ తీర్చుటకు మఱియొక రచయిత రావలసినదే.

ఇంగ్లీషు బడులలో చదివినవారి కందఱికిని తెలిసిన స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలండ్' కథను జూడుడు. అది 1881, 1882 సంవత్సరములలో బాలుర పత్రిక యొకదానిలో వచ్చి 1883లో గ్రంథమైనది. నిధి దొరికినది, బాలుడు జిమ్ ఇల్లు చేరినాడు. అయినను స్టీవెన్సన్ మూడు తలుపులను గడియ వేయక విడిచినాడు. వెండికడ్డీలు ద్వీపముననే పాతిపెట్టబడియున్నవి. ముగ్గురు తిరుగుబాటుదారులు అక్కడనే దిగవిడువబడిరి. ఒంటికాలి సిల్వరు ఒక నాణెముల సంచితో నడిమి రేవులో దిగి మాయమయ్యెను. ఇక నూరుకొనువా రెవ్వరు? 1924లో ఆర్థర్ హౌడెన్ స్మిత్ అను అమెరికా రచయిత ఆ నిధి మొదట ద్వీపము నెట్లు చేరినదో చెప్పుచు ముందుకథ వ్రాసెను. 1956లో డెల్డర్‌ఫీల్డు బెన్ గన్ అనువాని వృత్తాంతమును విప్పెను. 1995లో స్వీడనుదేశపు బ్యోర్న్ లార్సన్ సిల్వరుచేతనే అతని జీవితమును జెప్పించెను. 2012లో ఇంగ్లీషు కవి ఆండ్రూ మోషన్ జిమ్ కుమారుని, సిల్వరు కూతురును అదే ద్వీపమునకు మరల పంపెను.

ఈ నాలుగింటిని ఒక్క త్రాసులో తూచలేము. మొదటి రెండును ముఖ్యముగ వినోదముకొఱకే వ్రాయబడినవి. తక్కిన రెండింటిలో వేఱొక సంగతి గలదు. స్టీవెన్సన్ కథలో ఆ బంగార మెక్కడిది, ఎవరి చెమటవలన, ఎవరి నెత్తుటివలన గూడినదని యొకటిరెండు వాక్యములలో జిమ్ విస్మయపడి యూరకుండును. లార్సన్ ఆ వాక్యములనే పట్టుకొని సిల్వరును బానిసలను మోయు ఓడలోని కెక్కించెను. మోషన్ ఆ ద్వీపమున బానిస యోడ యొకటి పగులగా బ్రతికి ఒడ్డు చేరినవారిని, వారిని మరల బానిసలుగ జేసికొన్న ఆ విడువబడిన ముగ్గురిని చూపెను. మూలకథ చదివినపుడు మనము పిల్లలమై కేరింతలు కొట్టిన నిధియే, వీరు చెప్పగా విని తల దించుకొనవలసిన నిధియైనది. మూలము చెడినదా? చెడలేదు. అందు మొదటినుండియు నున్న చీకటిగది తలుపు తీయబడినది, అంతియే.

రాబిన్‌సన్ క్రూసో కథ 1719లో వెలువడినది. ఆ సంవత్సరమే డీఫో తానే దానికి రెండవభాగము వ్రాసి క్రూసోను వంగదేశమునకును చీనాకును త్రిప్పెను. పాపము, మొదటిదానిని చదివినవారిలో నూటి కొక్కరైన దీనిని చదువరు. ఓడ పగిలినప్పుడు క్రూసో పోవుచుండినది ఆఫ్రికాకు బానిసలను దెచ్చుటకే యనుమాట గ్రంథములో స్పష్టముగ నున్నను మన బళ్లలో చెప్పు సంక్షిప్తకథలలో నది సాధారణముగ జాఱిపోవును. 1986లో కుట్సీ అను దక్షిణాఫ్రికా రచయిత ఈ కథను మరల నెత్తుకొని, ఫ్రైడేకు నాలుక లేదని చెప్పెను. తన కథను తాను చెప్పుకొనలేనివాని కథను ఇంకొక డెట్లు చెప్పుననునదే ఆ గ్రంథమంతయు. జూల్స్ వెర్న్ కూడ పరుల సముద్రకథలు రెండింటిని కొనసాగించినాడు. 1897లో ఎడ్గార్ పో విడిచిపెట్టిన దక్షిణధ్రువపు కథను, 1900లో స్విస్ కుటుంబపు ద్వీపకథను. వానిని గూర్చి ఇక్కడ హెచ్చుగ చెప్పవలసినది లేదు.

ఇట్టివి మన భాషలో గలవా యని మా తరగతిలో నొక బాలుడు అడిగినాడు. అడిగినది కర్మన్‌ఘాట్‌లో. ఈ యూరికి సముద్రము వందల కిలోమీటర్ల దూరము. పేరునకు మాత్రము ఊరి ప్రక్కనే సాగర్ రోడ్డు గలదు, అది పోవునది నాగార్జునుని జలాశయమునకు. మా యూరి దేవుడు మాత్రము సముద్రమును దాటినవాడే. ఇచ్చటి ధ్యానాంజనేయుని ఆలయమును కాకతీయ రెండవ ప్రోలరాజు కట్టించెనని స్థలపురాణము. ఓడ లేకయే నూరు యోజనములు దాటినవానిని కొలుచు జాతికి ఓడలతో పని లేదని పరిహాసమాడవచ్చును. అయితే ఆ ప్రోలరాజు మనుమడే మన చరిత్రలో ఓడలవారికి తోడునీడగ నిలిచిన గణపతిదేవుడు. కనుక పరిహాసమును ప్రక్కన బెట్టి, బాలుని ప్రశ్నకు తిన్నగ సమాధానము వెదకుదము.

మనకు సముద్రకథలకు కొదువ లేదు. సంస్కృతమున దండి రచించిన దశకుమారచరిత మున్నది. అందులో మిత్రగుప్తుని వృత్తాంతమును మించిన ఓడకథను మేము సంస్కృతమున నెఱుగము. దామలిప్తనగరమున రాజపుత్రు డగు భీమధన్వుడు మిత్రగుప్తుని ఇనుపసంకెలలతో బంధించి సముద్రమున ద్రోయించును. దైవవశమున నొక కొయ్య చేత జిక్కగా, దానిపై నొక పగలు నొక రాత్రి తేలి, తెల్లవాఱునప్పటికి యవనుల ఓడ కంటబడును. వారు పైకి లాగి, తమ నాయకుడగు రామేషువుతో ఏమని చెప్పుదురో తెలియునా? ఈ సంకెలల మనుష్యుడు క్షణములో వేయి ద్రాక్షతీగలకు నీరు పెట్టగలడని! ప్రాణము గాచినవారి మొదటి యాలోచన కూలి లెక్క. ఇంత నిజమైన మాటను వ్రాసినవాడు రేవులలో నోడవారి మాటలు చెవులార విన్నవా డయియుండవలెను. అంతలో పడవలు చుట్టుముట్టి యవనుల యోడపై బడును. సంకెలలు విప్పినచో వీరిని నేను తఱుముదునని మిత్రగుప్తుడు చెప్పి, అన్నంత పనియు జేసి, పట్టుబడిన శత్రువును జూడగా అతడు భీమధన్వుడే. పిదప ప్రతికూలవాయువు ఓడను తెలియని ద్వీపమునకు గొట్టును. అక్కడ మంచినీరు, కందమూలములు, ఒక కొండ, ఆ కొండమీద ప్రశ్నలడుగు బ్రహ్మరాక్షసుడు.

ఇప్పుడు మా ప్రస్తుతమైన సంగతి. దండి గ్రంథము మనకు తలయు తోకయు లేక చేరినది. నడుమ ఎనిమిది ఉచ్ఛ్వాసములే ఆయనవి. ముందున్న పూర్వపీఠికయు చివరనున్న ఉత్తరపీఠికయు పరులు వ్రాసి కూర్చినవని విద్వాంసులు నిర్ణయించినారు. అనగా ఒక ప్రాచీన సాహసకథను తరువాతివారు ముందునకును వెనుకకును కొనసాగించుట ఇంగ్లండులో పుట్టిన యాచారము కాదు. శతాబ్దులకు బూర్వమే మన యింట నున్నది. పూర్వపీఠిక వ్రాసిన ఆ పేరు తెలియని మహాశయుడు ఏమి చేసెనో చూడుడు. రత్నోద్భవుడను మంత్రిపుత్రుడు వర్తకమునకై కాలయవనద్వీపము చేరి, కాలగుప్తుడను వైశ్యుని కూతురు సువృత్తను పెండ్లాడి, గర్భవతియైన యామెతో మరలి వచ్చుచుండ ఓడ మునిగెను. సువృత్తయు ఆమె దాదియు నొక పలకను బట్టుకొని ఒడ్డునబడిరి. ఆ యడవిలోనే ప్రసవము. మిత్రగుప్తునికి దండి ఇచ్చిన కొయ్యవంటిదానినే ఈయన నిండుచూలాలి చేతి కిచ్చెను. ఒంటరి వీరుని సాహసమున కొకటి, ఇద్దఱు స్త్రీల ప్రాణరక్షణమున కొకటి. ఈ చిన్న మార్పులో ఎంత గలదో పిదప చెప్పెదము.

పోయిన తల యొక్క జాడ గొంత మన కాలమునకు సమీపముననే దొరికినది. తెలుగువారైన మానవల్లి రామకృష్ణకవిగారు 1924లో అవంతిసుందరీకథను ప్రకటించిరి. అది దండిదే యనియు, దశకుమారచరితమునకు లుప్తమైన పూర్వభాగము అదియే యనియు వాదము పుట్టినది. అది పూర్తిగ తెగలేదు, గ్రంథము కూడ ఖండితమే. అయినను తాళపత్రపు తునకలను బట్టి కథను దిరుగ నతుకబూనిన పండితునికిని, సిల్వరు ఎక్కడికి పోయెనని వెదకిన నవలారచయితకును మూలమున నున్న తహతహ యొక్కటియే యని మాకు దోచుచున్నది.

దండి కథను పదుమూడవ శతాబ్దిలో కేతన తెలుగు చేసి తిక్కన కంకితమిచ్చి అభినవదండి యనిపించుకొనెను. ఆ కేతనయే విజ్ఞానేశ్వరీయమను ధర్మశాస్త్రమును గూడ తెలుగులో వ్రాసెను. ఒకే గంటము ఓడకథను వ్రాసినది, ధర్మశాస్త్రమును వ్రాసినది. ఈ రెండింటి నడుమ మన సముద్రపు చరిత్రయంతయు నలిగినది. బౌధాయనుడు సముద్రయానమును పతనహేతువులలో మొదట జేర్చెను. మనువు సముద్రయాయిని శ్రాద్ధపంక్తినుండి తొలగించెను. తరువాతి నిబంధనకారులు కలివర్జ్యములలో, ఓడ నెక్కిన ద్విజుడు ప్రాయశ్చిత్తము చేసికొన్నను అతనితో వ్యవహరింపరాదని విధించిరి. ఈ వాక్యముల పనితన మెట్టిదో ఆలోచింపవలెను. అవి ఓడలను ఆపలేదు. ఓడలు పోవుచునే యుండెను. వ్రాయుట నేర్చినవారిని మాత్రము అవి ఓడనుండి దింపివేసినవి. ఎక్కినవారికి అక్షరము రాదు. అక్షరము వచ్చినవా డెక్కడు. ఇక సముద్రపు కథ ఎవరు వ్రాయవలెను? తెలుగులో మొదటి గొప్ప యాత్రాచరిత్రమైన ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర (1830, 1831) మేనాలలోను బోయీల భుజములమీదను నడచినది. ఓడమీద నడచిన దానికి జోడు గ్రంథ మాకాలమున మన భాషలో లేదు.

వ్రాతలో లేకున్నను రాతిలోను లోహములోను ఉన్నది. రెండవ శతాబ్దిలో యజ్ఞశ్రీ శాతకర్ణి రెండు తెరచాపకొయ్యల యోడను సీసపు నాణెములమీద వేయించెను. అవి ఈ తూర్పుతీరముననే దొరికినవి. మొదటి శతాబ్దపు గ్రీకు నావికుని గ్రంథమొకటి మైసోలియా యను మన తీరమునందలి సన్నని వస్త్రములను బేర్కొన్నది. వీని నన్నిటిని మించి మోటుపల్లి శాసనము గలదు. ఇప్పటి బాపట్ల జిల్లాలోని ఆ పల్లె ఒకప్పుడు కాకతీయుల మహాపత్తనము. 1244వ సంవత్సరప్రాంతమున గణపతిదేవుడు అక్కడ అభయశాసనము నిలిపెను. దాని యర్థము ఇది: ఒక దేశమునుండి ఇంకొక దేశమునకు పోవు ఓడలు గాలివానకు జిక్కి పగిలి ఒడ్డునకు గొట్టబడినచో పూర్వరాజులు వానిలోని బంగారమును, ఏనుగులను, గుఱ్ఱములను, రత్నములను బలాత్కారముగ గైకొనుచుండిరి. ధనము ప్రాణముకంటెను గొప్పదని యెంచి సముద్రమున కెదురొడ్డినవారిపై దయచేత, కీర్తికొఱకును ధర్మముకొఱకును, మేము నియతమైన సుంకమును దప్ప తక్కిన సర్వమును వారికే విడిచితిమి. దిగుమతికిని ఎగుమతికిని సుంకము ముప్పదింట నొకవంతు.

ఇంతటి శాసనమును మేము ఇంకొకటి యెఱుగము. పగిలిన ఓడలోని సరకు ఏలికదే యనునది ఐరోపాలో గూడ పెక్కుచోట్ల చిరకాలము చెల్లిన హక్కు. ఒడ్డుననున్నవాడు తుపాను రావలెనని దేవుని గోరుకొను హక్కు అది! దానిని ఒక తెలుగు రాజు తనంత తాను విడిచిపెట్టి, విడిచితినని స్తంభముమీద చెక్కించెను. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవున మరల వర్తకులకు అభయమిచ్చి గణపతిదేవుని మాటను కొనసాగించెను. మార్కోపోలో ఈ రేవును ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వస్త్రము సాలెగూటివలె నుండునని వ్రాసెను. దేశమును పాలించు రాణి యొక్క న్యాయమును మెచ్చుకొనెను. శ్రీనాథుడు హరవిలాసమును అంకితమిచ్చినది ఏ ప్రభువునకు? అవచి తిప్పయసెట్టి యను ఓడవర్తకునికి. సింహళమునుండి ఏనుగులను, హురుమంజినుండి గుఱ్ఱములను, చీనానుండి పట్టును తెప్పించి హరిహరరాయలకును ఫిరోజుషాకును సరఫరా చేసినవాడని కవి అతనిని కొనియాడెను. ఒక్క పద్యములో ఇన్ని దేశములను ఇఱికించిన శ్రీనాథుడు, ఆ ఓడలలో ఒక దానినైన ఎక్కి మనల నొక రేవునకు గొనిపోలేదు. సరకు దిగినది, కథ దిగలేదు.

కథ దిగవలసిన చోట ఎవరు దింపుకొనిరో చెప్పినచో తెలుగువారికి కొంత కష్టముగ నుండును. నన్నయచేత భారతమును వ్రాయించిన రాజరాజనరేంద్రుని కుమారుడు చోళసింహాసన మెక్కి 1070 మొదలు కులోత్తుంగుడను పేర ఏలెను. అతని తల్లికి తండ్రియైన రాజేంద్రచోళుడు 1025లో నౌకాదళమును శ్రీవిజయముమీదికి నడిపించినవాడు. కులోత్తుంగుని కాలమున 1077లో డెబ్బదిద్వయ మంది రాయబారులు చీనా చక్రవర్తి కొలువునకు బోయిరని ఆ దేశపు చరిత్రలు చెప్పుచున్నవి. విశాఖపట్టణమునకు కులోత్తుంగచోళపట్టణమను పేరు శాసనములలో గలదు. ఇంతకంటె సాహసనవలకు గావలసిన దేమి? గావలసినది దొరికినది, కాని తమిళమున! 1960ల దశకములో సాండిల్యన్ 'కడల్ పుఱా' యను పెద్ద నవలను వారపత్రికలో వ్రాసెను. పేరునకు సముద్రపు పావురమని యర్థము, అది ఒక ఓడ పేరు. అందు కులోత్తుంగుడును అతని సేనాని కరుణాకర తొండైమానును గలరు. కల్కి వ్రాసిన 'పొన్నియిన్ సెల్వన్'ను పిమ్మట విక్రమన్ అను రచయిత వేఱొక నవలతో కొనసాగించెను. తమిళులు తమ ప్రాచీన నౌకాయాత్రకు తరువాతి కథను, ఆ కథకు మఱియొక తరువాతి కథను వ్రాసికొనిరి. మన నోరి నరసింహశాస్త్రిగారు 'నారాయణభట్టు' నవలలో అదే రాజరాజనరేంద్రుని కొలువును ఎంతో అందముగ చిత్రించినారు. అడివి బాపిరాజుగారు 'గోన గన్నారెడ్డి'లో గణపతిదేవుని కూతురు రుద్రమదేవి కాలమును కండ్ల గట్టించినారు. అయినను వీరి కథలు కొలువులలోను కోటలలోను గుఱ్ఱములమీదను నడచినవి. మోటుపల్లి వైపు ఆ గుఱ్ఱములు తిరుగలేదు.

అయితే తెలుగులో సముద్రకథకు కొనసాగింపే లేదని చెప్పుట అన్యాయ మగును. ఒకటి కలదు, అదియు సంస్కర్త చేతినుండియే వచ్చినది. కందుకూరి వీరేశలింగముగారి 'సత్యరాజా పూర్వదేశయాత్రలు' 1891, 1894 సంవత్సరముల నడుమ రెండు భాగములుగ వెలువడినది. 1726లో స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రలే దానికి మూలము. పంతులుగారు స్విఫ్టును అనువదింపలేదు. గలివరు యాత్రను తూర్పునకు మరల్చి సత్యరాజాచార్యులను తెలుగువానిని ఆ దారిని పంపిరి. ఆయన మొదట చేరునది ఆదిమలయాళము. అక్కడ స్త్రీలు పాలింతురు, పురుషులు లోబడియుందురు. మన దేశమున స్త్రీలకు శాస్త్రము పేరను ఆచారము పేరను విధించిన నియమము లన్నియు అచ్చట పురుషుల మెడకు జుట్టుకొనియుండును. చదువుచున్న గృహస్థు మొదట నవ్వును. రెండవ పుటకు నవ్వు సన్నగిల్లును. మూడవ పుటకు తన యింటి తలుపు వంక చూచును. రెండవ భాగమున మహాకాయుల లంక. అక్కడి మూఢవిశ్వాసములు వారి దేహములంత పెద్దవి.

ఈ గ్రంథమును కొందఱు అనుకరణమని తేలికగ ద్రోసివేయుదురు. అది సరియైన తూనిక కాదు. కొనసాగింపు మంచిదా చెడ్డదా యనుటకు మా కొక్కటే కొలబద్ద: మూలము చూపనిది చూపినదా? స్విఫ్టు మానవజాతి యెల్లను అల్పముగ జూపి నవ్వెను. ఆ నవ్వు అందఱిమీద సమానముగ బడినందున ఎవ్వరి నెత్తిని ప్రత్యేకముగ బడలేదు. వీరేశలింగముగారు దానిని ఒక్క యింటిమీదికి, ఒక్క పెరటిలోనికి తెచ్చిరి. కళకు కొంత నష్టమైనమాట నిజము. సంభాషణలు ఉపన్యాసములగును. ఓడయు, ఉప్పుగాలియు, అలయు దాదాపు లేవు. స్విఫ్టులో చుక్కానియు లంగరును మనకు చేతికి తగులును, ఇక్కడ తగులవు. సముద్రము పంతులుగారికి గడప వంటిది, దాటి అవతలికి పోవుటకు మాత్రమే పనికివచ్చినది. కలివర్జ్యముల నీడ ఎంత దూరము వ్యాపించినదో చూడుడు. దానితో పోరాడినవాని కథలోగూడ నీరు తక్కువయే.

ఈ నడుమ మనవారిలో ఒక ధోరణి పెరిగినది. మన పూర్వులు ద్వీపాంతరములను జయించిరి, మన జెండా నాటిరి యని ఉపన్యసించుట. అట్టి కథలు వ్రాయవలెనని యువకులను ప్రోత్సహించుట. మాకది రుచింపదు. స్టీవెన్సన్ నిధిని విప్పి చూచినవారు అందులో బానిసల సంకెలలు కనిరి. మనము మన పూర్వుల నిధిని విప్పకయే నెత్తిన బెట్టుకొని ఊరేగుదుమా? మిత్రగుప్తునిచేత ద్రాక్షతీగలకు నీరు పెట్టింప దలచిన రామేషువు వంటివారు మన రేవులలో లేకుండిరా? తెలుగు ఓడకథ వ్రాయబూనువాడు శ్రీవిజయ దండయాత్రకంటె మోటుపల్లి స్తంభమును పట్టుకొనుట మేలు. గెలిచినవాని ఓడకంటె పగిలిన ఓడ వానికి హెచ్చు చెప్పును.

పగిలిన ఓడలకు కోరంగి యున్నది. గోదావరి యొక్క ఒక పాయ కడలిలో గలియు చోట కట్టిన ఆ రేవు ఓడలు కట్టుటకును బాగుచేయుటకును పేరుపడినది. 1789లో నొకమాఱు, 1839లో నొకమాఱు ఉప్పెన దానిని ముంచివేసినది. కలకత్తాలో నుండిన పిడింగ్టన్ అను ఇంగ్లీషువాడు ఇట్టి గాలివానలనే పరిశోధించి, పాము చుట్ట చుట్టినట్లు తిరుగును గావున సైక్లోనను పేరును కల్పించెను. ఆ మాట నేడు లోకమంతట నున్నది. కోరంగి పేరు నిలిచినది మాత్రము ఇంకొక విధముగ. బర్మాకు కూలికి బోయిన తెలుగువారిని అక్కడివారు కోరంగీలని పిలిచిరి. వడ్లమిల్లులలోను రంగూను రేవులోను బస్తాలు మోసినవారు వీరు. శాస్త్రము వీరిని అడ్డలేదు, ఏలయనగా శాస్త్రము వీరిని లెక్కలోనికే తీసికొనలేదు. 1942లో జపానుసేనలు రాగా ఓడలు చాలక అడవులను కొండలను బట్టి నడచి వచ్చిన వారిలో వీరును వేలకొలది. దారిలో నెందఱు పడిపోయిరో వారి కుటుంబములకే తెలియును. సముద్రమును దాటి పోయి, నేలమీద నడచి తిరిగివచ్చిన ఈ యాత్రకు, దండి తిరిగి లేచినను మఱియొక ఉచ్ఛ్వాసము వ్రాయవలసినదే.

మా పాఠశాలలో ఈ సంగతులు చెప్పునప్పుడు మే మొక పటమును గీయుదుము. ఎల్బీనగరు మీదుగ తూర్పునకు పోవు విజయవాడ రహదారిని బట్టి చూపుచు, కుతుబ్‌షాహీల నాడు గోలకొండనుండి బందరునకు వర్తకులు పోయినది ఈ దిక్కుననే యని చెప్పుదుము. 1611లో ఇంగ్లీషువారు బందరులో దిగిరి. అంతకుముందే డచ్చివారు దిగియుండిరి. గోలకొండ వజ్రము ఈ దారిని పోయి ఓడ యెక్కినది. పిల్లలు వెంటనే అడుగునది వజ్రము ఎంత పెద్దదని. ఆ వజ్రమును గనిలో త్రవ్వినవా రెవ్వరని ఒకరిద్దరు మాత్రమే అడుగుదురు. నవలాకారులు ఆ యొకరిద్దరిలోనుండి రావలసియున్నది.

పూర్వపీఠికలోని రెండు పలకల సంగతి పిదప చెప్పెదమంటిమి. ఓడ మునిగిన వృత్తాంతమును అక్కడ చెప్పునది రత్నోద్భవుడు కాడు, సువృత్తయు గాదు. చంటిబిడ్డ నెత్తుకొని అడవిలో సాయము వెదకుచు తిరుగు దాది. దారిని బోవు నొక శిష్యుడు అడుగగా, ఏ ద్వీపమునుండి బయలుదేరిరో, ఎవరు ఎవరికేమి కావలెనో, పలక నెట్లు పట్టిరో, ప్రసవ మెట్లయినదో ఆమెయే చెప్పును. అంతలో నడవియేనుగు వచ్చును, బిడ్డ చేయి జాఱును, ఆ శిష్యుడు తుద కాతనిని రాజు చెంతకు గొనిపోవును. పదునారేండ్లకు పుష్పోద్భవుడను పేర పెరిగిన ఆ బిడ్డ, కొండనుండి దూకబోయిన తండ్రిని చేతులతో బట్టి కాపాడును. ఆ వెంటనే అగ్నిలో బ్రవేశింపబోవు తల్లిని గాపాడును. అప్పుడును ఆమె ప్రక్క నొక వృద్ధ యుండి వారించుచుండును. జరిగినదంతయు మరల నామెయే చెప్పును. కథలో రాజులకు పేర్లున్నవి, మంత్రులకున్నవి, కాలగుప్తునికున్నది, ఓడనాయకుడు రామేషువునకును ఉన్నది. ఆ పదునారేండ్లు నడవిలో యజమానురాలిని బ్రతికించినది ఎట్లో, ఏమి తినిరో, ఎవరి పంచ నుండిరో గ్రంథమున లేదు. దాదికి పేరును లేదు.